ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరికిన ఫోటో ఎవరిది? ఒక కేస్ స్టడీ

నేపథ్యం

పుస్తకాల్లో వాడే ఫోటోల హక్కులు సరిచూడటం నా పని. లేఅవుట్ అయ్యాక ప్రచురణ సంస్థ పీడీఎఫ్ పంపుతుంది. ఏ బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది, వాడుకునే హక్కు ఉందా, క్రెడిట్ సరిగా పడిందా అని చూసిపెడతాను. ఈ కేసులో సంస్థ పేరు, పుస్తకం పేరు, ఏజెన్సీ పేరు, ఫోటోగ్రాఫర్ వివరాలు తీసేశాను. ఒకట్రెండు చిన్న వివరాలు ఎవరూ పోల్చుకోకుండా మార్చాను. తప్పులను మాత్రం మార్చలేదు. వాటిలో పెద్దది నాదే.

పుస్తకం తుఫానుల గురించి, హైస్కూల్ పిల్లల కోసం. అచ్చులోనూ ఈబుక్‌గానూ అమ్మకానికి వస్తుంది. మొత్తం 94 ఫోటోలు. వాటిలో 38 ప్రభుత్వ వెబ్‌సైట్లనుంచి తీసుకున్నవి. ఎక్కువభాగం అమెరికా ఫెడరల్ ఏజెన్సీలవి, కొన్ని బ్రిటన్, భారత ప్రభుత్వ సైట్లవి. తుఫాను కన్ను, రాడార్ చిత్రం, కొట్టుకుపోయిన వంతెన, ఇలాంటివన్నీ అక్కడ పెద్ద సైజులో, ఉచితంగా దొరుకుతాయి కాబట్టి డిజైనర్లు ముందు అటే వెళతారు.

అంతకు రెండేళ్ల ముందు ఈ సంస్థకు ఒక పేజీ మార్గదర్శకం రాసిచ్చాను. అందులో ఒక వాక్యం ఇది: “అమెరికా ఫెడరల్ ప్రభుత్వ వెబ్‌సైట్లలోని ఫోటోలు పబ్లిక్ డొమైన్. ఏజెన్సీ పేరు క్రెడిట్‌గా వేసి వాడుకోవచ్చు.” పబ్లిక్ డొమైన్ అంటే కాపీరైట్ లేకుండా ఎవరైనా వాడుకోగలిగేది. తొందరలో రాసిన వాక్యం. డిజైనర్ దాన్ని తన బల్ల ముందు అతికించుకున్నాడు. ఆ కాగితం ఉంది కాబట్టి ఆ 38 ఫోటోలను ఎవరూ నా దగ్గరికి పంపలేదు. మిగిలిన 56 మాత్రమే నా కళ్ల ముందుకొచ్చాయి.

సమస్య

ప్రెస్‌కు వెళ్లడానికి పది రోజుల ముందు సంస్థ నమూనా పేజీలను ఆన్‌లైన్‌లో పెట్టింది. మర్నాడే ఒక ఫోటోగ్రాఫర్ నుంచి ఈమెయిల్ వచ్చింది. సముద్రం మీద లేచిన నీటి సుడిగాలి ఫోటో ఆవిడ తీసిందట. చాలా ఏళ్ల క్రితం వాతావరణ ఏజెన్సీకి, వాళ్ల నివేదికలో వేసుకోమని ఇచ్చిందట. “మీకు ఇవ్వలేదు. పైగా నా పేరు తీసేసి వాళ్ల పేరు వేశారు” అన్నది ఫిర్యాదు.

ఎడిటర్ నాకు ఫోన్ చేశాడు. “సార్, గవర్నమెంటు సైట్ నుంచే తీసుకున్నాం. మన కాగితంలో కూడా అలాగే ఉంది కదా!”

“మీ కాగితం” అనకుండా “మన కాగితం” అన్నాడు. అది అతని మంచితనం.

మొదటి జవాబు, దాని గతి

నేను చేసిన రెండో తప్పు అప్పుడే జరిగింది. సైట్ తెరిచి చూశాను. ఫోటో కింద ఏజెన్సీ పేరు తప్ప ఇంకేమీ లేదు. కాపీరైట్ గుర్తు లేదు. సైట్ అడుగున “వేరుగా సూచిస్తే తప్ప ఇక్కడి సమాచారం పబ్లిక్ డొమైన్” అనే వాక్యం ఉంది. అమెరికా కాపీరైట్ చట్టం సెక్షన్ 105 ప్రకారం ఫెడరల్ ప్రభుత్వ రచనలకు అమెరికాలో కాపీరైట్ రక్షణ లేదు కాబట్టి ఆ ఫోటోను ఎవరైనా వాడుకోవచ్చని మర్యాదగా జవాబు రాయించాను.

ఆవిడ తిరిగి రాసింది ఒకటే వాక్యం: “నేనెప్పుడూ ప్రభుత్వ ఉద్యోగం చేయలేదు.”

చట్టం నేను చదవనిది కాదు. కానీ సగమే చెప్పాను. సెక్షన్ 105ను సెక్షన్ 101తో కలిపి చదవాలి. “అమెరికా ప్రభుత్వ రచన” అంటే ఫెడరల్ అధికారి గానీ ఉద్యోగి గానీ తన విధుల్లో భాగంగా తయారుచేసింది అని 101 నిర్వచిస్తుంది. ఆ నిర్వచనంలో వెబ్‌సైట్ ఊసే లేదు. ఫోటో ఎక్కడ ఉందన్నది చట్టానికి అక్కర్లేదు. షట్టర్ నొక్కింది ఎవరు, నొక్కినప్పుడు ఏ హోదాలో ఉన్నారు అన్నదే దానికి కావాలి. సత్రంలో దిగిన బాటసారి మూట సత్రం సొత్తు అవుతుందా?

ఈ తేడా ఎంత మామూలుగా ఎదురవుతుందో తర్వాత వరుసగా గుర్తొచ్చింది. నాసా సైట్‌లో 1995 నుంచి రోజుకొకటి చొప్పున వస్తున్న ఖగోళ చిత్రాల్లో చాలావాటికి బయటి ఫోటోగ్రాఫర్ల కాపీరైట్ ఉంటుంది, క్రెడిట్‌లోనే రాసి ఉంటుంది. జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ నాసాదే అయినా దాన్ని నడిపేది కాల్టెక్ అనే ప్రైవేటు విశ్వవిద్యాలయం, అక్కడి సిబ్బంది కాల్టెక్ ఉద్యోగులు. డాట్ గవ్ చిరునామా ఫెడరల్ ఏజెన్సీలకే కాదు, రాష్ట్రాలకూ కౌంటీలకూ ఉంటుంది. సెక్షన్ 105 వాటికి వర్తించదు. ఇవన్నీ తెలిసిన మనిషినే ఒక పేజీలో సర్దాలన్న తాపత్రయంతో ఒక వాక్యానికి కుదించాను.

మిగతా రెండు దేశాల సంగతి ఇంకా వేరు. అక్కడ ప్రభుత్వ రచనలకే కాపీరైట్ ఉంది. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ప్రభుత్వ రచనకు, ప్రచురించిన సంవత్సరం తరువాతి ఏడాది మొదలు 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. చాలా భారత ప్రభుత్వ సైట్ల కాపీరైట్ పేజీలో దాదాపు ఒకే మూస కనిపిస్తుంది: మెయిల్ పంపి అనుమతి తీసుకుని ఉచితంగా పునర్ముద్రించవచ్చు, కానీ మూడో పక్షం (ప్రభుత్వం కాని బయటివారి) కాపీరైట్ అని గుర్తించిన వాటికి ఈ అనుమతి వర్తించదు. బ్రిటన్‌లో ప్రభుత్వ సమాచారాన్ని స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఓపెన్ గవర్నమెంట్ లైసెన్స్ కూడా, ఇచ్చే అధికారం ఏజెన్సీకి లేని మూడో పక్ష హక్కులను పక్కన పెడుతుంది. భారత మూసలో “గుర్తించిన” అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మూడో పక్షానిదే అయివుండి, ఎవరూ గుర్తించకుండా వదిలేసిన ఫోటో సంగతేమిటి? ఆ వాక్యం దాని గురించి ఏమీ చెప్పదు. ఆ ఫోటో మీద హక్కు మాత్రం అసలు యజమానిదే. మౌనం అర్ధాంగీకారం అన్న సామెత ఇక్కడ చెల్లదు.

మేం వెతుక్కున్న ఊతకర్రలు

తర్వాతి మూడు రోజులు నిజం చెప్పాలంటే పరిష్కారం వెతకలేదు, మేం చేసింది సరైనదేనని చూపించే ఆధారం వెతికాం. ఇది ఇప్పుడు తెలుస్తోంది.

కాపీరైట్ గుర్తు లేకపోవడం మొదటి ఊతకర్ర. అది వెంటనే విరిగింది. అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందమైన బెర్న్ ఒప్పందంలో చేరే క్రమంలో అమెరికా 1989 మార్చి 1 నుంచి ఆ గుర్తు తప్పనిసరి అన్న నియమాన్ని ఎత్తేసింది. ఈ ఫోటో ఆ తర్వాతిదే.

రెండోది క్రెడిట్. సైట్ ఏజెన్సీ పేరే చూపిస్తోంది కదా, మేం దాన్నే నమ్మాం కదా అని. వెబ్ ఆర్కైవ్‌లో అదే పేజీ పాత ప్రతులు తీసి చూశాను. ఆరంభంలో ఫోటో కింద “సౌజన్యం” అంటూ ఆవిడ పూర్తి పేరు ఉంది. మధ్యలో సైట్ కొత్త రూపానికి మారింది. కొత్త రూపంలో క్యాప్షన్లు రాలేదు. ఫోటోలన్నిటికీ ఒకే తీరుగా ఏజెన్సీ పేరు పడింది. ఎవరూ కావాలని చేసింది కాదు.

అయితే మా వైపు ఇంకొకటి బయటపడింది. డౌన్‌లోడ్ చేసిన అసలు ఫైల్ తెరిస్తే కుడివైపు అడుగున సన్నని అక్షరాల్లో ఆవిడ పేరు కనిపించింది. పుస్తకంలో లేదు. డిజైనర్‌ను అడిగాను. “మార్జిన్‌కి అడ్డొచ్చింది సార్, కత్తిరించాను” అన్నాడు అమాయకంగా. ఫైల్ మెటాడేటాలో, అంటే ఫైల్ లోపల దాచి ఉండే వివరాల్లో, సృష్టికర్త అన్న గడిలో కూడా అదే పేరు ఉంది. దాన్ని తెరిచి చూసినవాళ్లే లేరు. ఉల్లంఘనకు తోడ్పడుతుందని గానీ దాన్ని దాస్తుందని గానీ తెలిసి, లేదా తెలిసివుండాల్సిన స్థితిలో, హక్కుల సమాచారాన్ని కావాలని తొలగించడం అమెరికా చట్టంలో సెక్షన్ 1202 కింద విడిగా తప్పు. మనవాడికి ఆ ఉద్దేశం లేదు, నిజమే. కానీ పేరు కత్తిరించిన మనం, “ఈ ఫోటో మీది కాదు” అని ఆ పేరుగల మనిషికే ఉత్తరం రాశాం. బయటివాళ్లకు అది ఎలా కనబడుతుందో ఆలోచించాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మూడో ఊతకర్రను సంస్థ లాయర్ పట్టుకొచ్చాడు. అదే గట్టిదనిపించింది. ఏజెన్సీ సైట్‌లో ప్రజలు ఫోటోలు పంపే పేజీ ఒకటుంది. “మీరు ఫోటో పంపితే దాన్ని పబ్లిక్ డొమైన్‌లోకి విడుదల చేసినట్టే” అని అక్కడ రాసి ఉంది. లాయర్ ముఖం వెలిగింది. నాదీ వెలిగింది.

ఈ వాదనను ఎందుకు వదిలేశామో కాస్త వివరంగా చెప్పాలి. ఇలాంటి షరతు ఫోటోకు అంటుకోవాలంటే మూడు సంగతులు కలవాలి: పంపిన రోజుకి ఆ షరతు అక్కడ ఉండాలి, పంపినవాళ్లు ఆ దారినే పంపివుండాలి, పంపినవాళ్లే ఫోటో తీసినవాళ్లు అయివుండాలి. మూడోది సరిపోయింది. మొదటిదానికి మళ్లీ వెబ్ ఆర్కైవ్‌కే వెళ్లాను. ఆవిడ ఫోటో ప్రచురితమైన నాటి ప్రతిలో ఆ వాక్యం లేదు, తర్వాతి ప్రతుల్లో ఉంది. రెండోది ఆవిడే చెప్పింది: తుఫాను వెళ్లాక ఆ ప్రాంతానికి వచ్చిన ఏజెన్సీ ఉద్యోగి అడిగితే నేరుగా అతనికి ఈమెయిల్ చేసింది. ఆ ఈమెయిల్ కాపీ పంపింది. “మీ నివేదికలో, మీ సైట్‌లో వాడుకోండి” అని ఉంది అందులో. హక్కులు బదిలీ కావాలంటే సెక్షన్ 204 ప్రకారం సంతకంతో రాతపూర్వక పత్రం కావాలి. ఇక్కడున్నది వాడుకోమన్న అనుమతి మాత్రమే, అది కూడా ఏజెన్సీకి. తనకు లేని హక్కును ఏజెన్సీ మనకెలా ఇస్తుంది?

ఫెయిర్ యూజ్ మాట కూడా వచ్చింది, అంటే విమర్శ, బోధన లాంటి పనులకు అనుమతి లేకుండా పరిమితంగా వాడుకోనిచ్చే మినహాయింపు. అమ్మే పుస్తకంలో, అధ్యాయం మొదట్లో, పూర్తి పేజీ అలంకారంగా, ఫోటో మొత్తం వాడాం. ఆ ఫోటో గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆ చర్చ ఐదు నిమిషాల్లో ముగిసింది.

నాలుగోది ఏజెన్సీనే అడగడం. “ఈ ఫోటోకు కాపీరైట్ ఉందా?” అని రాశాను. రెండు రోజుల్లో జవాబొచ్చింది. సైట్ అడుగునున్న వాక్యాన్నే కాపీ చేసి, న్యాయ సలహా ఇవ్వలేమని చేర్చారు.

ఒక్క ఫోటో తీసేస్తే సరిపోతుందా?

“ఆ ఒక్కటీ తీసేసి ప్రెస్‌కి పంపేద్దాం సార్” అన్నాడు ఎడిటర్. అతని మీద ఒత్తిడి ఉంది. నేను వద్దన్నాను. ఆ ఫోటో మిగతా 37 కంటే ప్రమాదకరమైనది కాదు. దాని యజమాని కంట్లో పడిందంతే. మిగతావన్నీ అదే వాక్యం నమ్మి, అదే పద్ధతిలో వచ్చినవే. కాపీరైట్ ఉల్లంఘనకు తెలియకపోవడం సాకు కాదు, మహా అయితే నష్టపరిహారం తగ్గుతుంది. అమెరికాలో నమోదైన రచనకు చట్టబద్ధ పరిహారం మామూలుగా ఒక్కోదానికి 750 నుంచి 30,000 డాలర్లు. తెలియక చేశామని రుజువు చేస్తే 200 దాకా దిగవచ్చు, తెలిసి చేశామని తేలితే 1,50,000 దాకా పోవచ్చు. ఫిర్యాదు వచ్చాక కూడా మిగతావాటిని చూడకుండా అచ్చు వేస్తే “మాకు తెలియదు” అనే మాటకు విలువ ఉండదు.

ప్రెస్ తేదీ మూడు వారాలు జరిగింది. సంస్థ యజమాని ఒప్పుకున్నాడు, సంతోషంగా మాత్రం కాదు.

ప్రశ్న మార్చాక

పని కదిలింది చట్టం వల్ల కాదు, ఉత్తరం వల్ల. ఏజెన్సీ నాకు పంపిన మూస జవాబును మళ్లీ చదివాను. తప్పు వాళ్లది కాదు. కాపీరైట్ ఉందా అన్నది న్యాయ నిర్ణయం. ఫోటో లైబ్రరీలో కూర్చునే ఉద్యోగి దానికి జవాబు చెప్పలేడు, చెప్పకూడదు కూడా. కానీ ఆ ఉద్యోగి ముందు ఒక రికార్డు ఉంటుంది. రికార్డులో ఉన్నది అడిగితే చెప్పగలడు.

కొత్త ఉత్తరంలో కాపీరైట్ అనే మాటే లేదు. ఫోటో లింకు, ఫైల్ పేరు ఇచ్చి మూడే ప్రశ్నలు అడిగాను. దీన్ని తీసినవారి పేరు మీ రికార్డులో ఉందా? ఆ తేదీన వారు మీ ఉద్యోగా, కాంట్రాక్టరా, వాలంటీరా, బయటివారా? బయటివారైతే వారితో ఏదైనా పత్రం ఉందా? చట్టం తేల్చుకునే బాధ్యత నాదేనని చివర రాశాను. ఆ చివరి వాక్యమే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. అవతలివాళ్ల భుజం మీది బరువు దించితే గానీ నోరు విప్పరు.

జవాబులు రావడం మొదలైంది. ఒకచోట ఫోటో లైబ్రరీ చూసే ఆవిడ సొంతంగా పాత ఫైళ్లు వెతికి, తీసిన ఉద్యోగి ఆనాటి హోదాతో సహా పంపింది.

38 ఫోటోలను ఆధారాన్ని బట్టి విడగొట్టాను. మనిషి పేరూ ఏజెన్సీ పేరూ ఉన్నవి 19, ఏజెన్సీ పేరు మాత్రమే ఉన్నవి 11. సౌజన్యం అనో మరో సంస్థ పేరో ఎక్కడో ఒకచోట కనిపించినవి ఈ నీటి సుడిగాలితో కలిపి 5. ఏమీ లేనివి 3. ఎక్కువ సమయం ఆ 3 మీద పోతుందనుకున్నాను. పోయింది 11 మీద. ఏజెన్సీ పేరు క్రెడిట్‌లా కనబడుతుంది గాని, అక్కడ పెట్టింది ఎవరో చెబుతుంది తప్ప తీసింది ఎవరో చెప్పదు. ఆ 11లో 8 ఉద్యోగులు తీసినవేనని తేలింది. 2 కాంట్రాక్టు మీద నడిచే ల్యాబ్‌వి. ల్యాబ్ నియమాల్లో లాభాపేక్ష లేని వాడకానికి అభ్యంతరం లేదు, మనది అమ్మే పుస్తకం కాబట్టి విడిగా రాతపూర్వక అనుమతి తెచ్చుకున్నాం. మిగిలిన ఒకదానికి జవాబే రాలేదు. అది కట్టలు తెగిన కాలువ ఫోటో. తీసేసి గీత బొమ్మ వేయించాం.

పేరున్న 19లో ఒకరు వాలంటీర్ అని తేలింది. హక్కులు వదులుకుంటూ సంతకం చేసిన పత్రం ఏజెన్సీ దగ్గర ఉంది కాబట్టి ఆ ఫోటో నిలిచింది. ఇంకొకటి విచిత్రం. తీసింది ఉద్యోగే, విధుల్లో ఉండగానే. కానీ ఫోటోలో ఉన్నది తుఫాను స్మృతిగా ఒక చిత్రకారుడు గోడ మీద వేసిన పెద్ద బొమ్మ. ఫోటో స్వేచ్ఛగా దొరికినా గోడమీది బొమ్మ మీద చిత్రకారుడి హక్కు ఎక్కడికీ పోదు. అమెరికా తపాలా శాఖకే ఈ పాఠం ఖరీదుగా తగిలింది. వాషింగ్టన్‌లోని కొరియా యుద్ధ స్మారక శిల్పాల ఫోటోతో 2002లో 37 సెంట్ల స్టాంపు తెచ్చారు. ఫోటోగ్రాఫర్‌కు 1,500 డాలర్లు ఇచ్చారు, శిల్పి ఫ్రాంక్ గేలార్డ్‌ను అడగలేదు. ఫెయిర్ యూజ్ వాదన 2010లో అప్పీలు కోర్టులో వీగిపోయింది. 2013లో శిల్పికి 6,84,844.94 డాలర్లు ఇవ్వాలని కోర్టు తేల్చింది. ప్రభుత్వమే పొరబడగా లేనిది, దాని సైట్ చూసి మనం పొరబడమా? గోడ బొమ్మ ఫోటో తీసేశాం.

లెక్కంతా తేలేసరికి 32 నిలిచాయి, 6 పోయాయి. పోయినవాటిలో ఒకదాని యజమాని దొరికినా అడిగింది సంస్థ భరించలేకపోయింది, ఒకరి ఆచూకీ దొరకలేదు. క్రెడిట్ లేని 3లో ఒకటి మాత్రం ఏజెన్సీ సొంత లైబ్రరీలో పూర్తి వివరాలతో కనిపించి బతికిపోయింది.

ఫోటోగ్రాఫర్‌తో

ఆవిడకు రెండో ఉత్తరం నేనే రాశాను. మొదటి ఉత్తరంలోని వాదన తప్పని, అది నా సలహా అని, పేరు కత్తిరించింది మా వైపేనని ఒప్పుకున్నాను. క్షమాపణతో బాధ్యత ఒప్పుకున్నట్టవుతుందని లాయర్ హెచ్చరించాడు. ఆలోచించాను. వాస్తవాలన్నీ ఆవిడ దగ్గర కాగితాలతో సహా ఉన్నాయి. దాచడానికేముంది? నమూనా పేజీని అప్పటికే తీసేశాం, ఆ సంగతి కూడా రాశాం.

ఆవిడ అడిగిన రుసుము సంస్థ ఊహించినదానికంటే తక్కువ. అచ్చు పుస్తకం, ఈబుక్, పునర్ముద్రణలు, మూడూ విడివిడిగా లైసెన్స్‌లో రాయించాను. అనువాదాలకు మళ్లీ అడగాలి. ఆవిడ పెట్టిన షరతులు రెండు: పేరు పుస్తకం చివర కాకుండా ఫోటో పక్కనే ఉండాలి, కత్తిరించిన అంచు తిరిగి రావాలి. డిజైనర్ పేజీ అంతా మళ్లీ అమర్చాడు. నిజానికి ఫోటో అలాగే బాగుంది. అడుగున చిన్న పడవ ఒకటి ఉంది, కత్తిరింపులో అదీ పోయింది. అది ఉంటేనే సుడిగాలి ఎంత పెద్దదో పిల్లలకు తెలుస్తుంది.

పాత కాగితం, కొత్త కాగితం

నా ఒక పేజీ మార్గదర్శకాన్ని వెనక్కి తీసుకున్నాను. కొత్తదానిలో దేశం పేరుతో మొదలయ్యే వాక్యమే లేదు. ప్రతి ఫోటోకు ఒక వరుస. తీసింది ఎవరు, ఏ హోదాలో, అది మనకెలా తెలిసింది, ఫోటో లోపల వేరొకరి కళ ఏదైనా ఉందా. “ఎలా తెలిసింది” అన్న గడి ఖాళీగా ఉంటే ఆ ఫోటో లేఅవుట్‌లోకి పోదు. డౌన్‌లోడ్ చేసిన రోజునే పేజీని క్యాప్షన్‌తో సహా స్క్రీన్‌షాట్ తీసి ఫైల్‌లో పెట్టాలి, సైట్ ఎప్పుడు మారుతుందో చెప్పలేం. అసలు ఫైల్‌ను కత్తిరించకుండా ఒక ప్రతి ఉంచాలి. దీనివల్ల ఒక్కో ఫోటోకు సగటున పావుగంట ఎక్కువ పడుతోందని డిజైనర్ గొణుగుతాడు. అతని లెక్క సరైనదే.

గుర్తుపట్టగలిగే మనుషులున్న ఫోటోలకు ఇంకో గడి ఉండాలని ఎడిటర్ అన్నాడు. కాపీరైట్ లేకపోయినా ఫోటోలోని వ్యక్తికి వేరే హక్కులుంటాయి కాబట్టి చేర్చాం. ఆ కథ వేరు.

పుస్తకం అచ్చయి మార్కెట్లోకి వెళ్లిన ఏడు వారాలకు, జవాబు రాని ఆ ఒక్క ఉత్తరానికి జవాబొచ్చింది. కాలువ ఫోటో తీసింది ఏజెన్సీ ఉద్యోగే, విధుల్లో ఉండగానే. పేరు, హోదా, తేదీ అన్నీ ఉన్నాయి. ఉత్తరాన్ని వరుసలో చేర్చి గడి నింపాను. రెండో ముద్రణకు ఫోటో పెడదామా అని ఎడిటర్‌ను అడిగితే, గీత బొమ్మే పిల్లలకు బాగా అర్థమవుతోందట, వద్దన్నాడు.